కంచె చేను మేసినప్పుడు



కంచె చేను మేయుట యను సామెత మనమందఱ మెఱిగినదే. అట్టి విపరీతము మానవదేహమునందును గలదు. రక్తములోని తెల్లకణములు దేహమునకు కావలివాండ్రు. వెలుపలినుండి వచ్చు రోగక్రిములను చంపుట వాని ధర్మము. కొందఱి దేహములలో నా కావలివాండ్రే స్వపరభేదము మఱచి తమ దేహముమీదనే కత్తి దూయుదురు.

ఇట్టి రోగములలో లూపస్ అనునది యొకటి. పదుగురు రోగులలో దాదాపు తొమ్మండుగురు స్త్రీలు; అందును ప్రాయమున నున్నవారే యెక్కువ. చెక్కిళ్ళపై నెఱ్ఱని మచ్చ, కీళ్ళనొప్పి, విడువని జ్వరము దీని లక్షణములు. ముదిరినచో మూత్రపిండములు చెడును. వాడుకలో నున్న మందులు కావలివాండ్ర నణచి యుంచును. అందువలన రోగ మడగును గాని సమూలముగా పోదు. మందు మానిన మరల తల యెత్తును.

జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున గేయోర్గ్ షెట్ మొదలగు వైద్యులు వేఱొక మార్గము త్రొక్కిరి. తెల్లకణములలో ‘బి’ కణములు శత్రువుపై విడుచు నస్త్రములను చేయును. ‘టి’ కణములు తామే పోయి శత్రువును చంపును. లూపస్ నందు తప్పుటస్త్రములను చేయునవి బి కణములు. కావున వైద్యులు రోగి రక్తమునుండి టి కణములను తీసి, హాని తొలగించిన వైరసు ద్వారా వానిలో నొక క్రొత్త జన్యువును చేర్చిరి. జన్యువనగా కణము చేయవలసిన పనిని దెలుపు శాసనము. ‘సీడీ 19 అను గుర్తు గల కణములను పట్టి చంపుము’ అనునది యీ క్రొత్త శాసనము. ఆ గుర్తు బి కణములపై నుండును. అట్లు మార్చిన కణములను పెంచి మరల రోగి నరములోనికి ఎక్కించిరి.

2021లో నే మందునకును లొంగని లూపస్ గల 20 ఏండ్ల యువతికి ఈ చికిత్స జరిగెను. 2024లో వారు 15 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో 8 మందికి లూపస్. తక్కినవారికి కండరములను, చర్మమును చెఱచు నిట్టి రోగములే. లూపస్ గల యెనమండుగురును నెమ్మదించిరి. 15 మందియు వెనుకటి యణచుమందులను మానగలిగిరి. కొన్ని నెలలకు క్రొత్త బి కణములు పుట్టినను వానికి పాతపగ లేదు. తప్పులు వ్రాసిన పలకను తుడిచి మరల ఓనమాలు దిద్దించినట్లయ్యెను.

అయినను పలక తుడిచినపుడు మంచి యక్షరములును పోవును. మేలు చేయు బి కణములును నశించుటచే అంటురోగముల భయ మున్నది. పలువురికి జ్వరము వచ్చినది. ఒకరు న్యుమోనియాతో నాసుపత్రి చేరిరి. పదునైదుగురు చాల కొద్దిమంది. ఈ రోగముల విషయమున నిది యింకను పరీక్షాదశయందే యున్నది. బొంబాయి ఐఐటీ, టాటా స్మారక వైద్యశాలల కృషిచే రూపొందిన యిట్టి చికిత్సకు మన దేశమున 2023 అక్టోబరులో అనుమతి లభించెను. కాని యది కొన్ని రక్తపు క్యాన్సరులకు మాత్రమే.

కాబట్టి పెద్దలకు నా మనవి యొకటి. ఈ వార్త విని యెవరును వాడుచున్న మందు మానరాదు. ‘జన్యుచికిత్స’ యని చెప్పి సొమ్మడుగువారిని నమ్మరాదు. మఱియు, సంబంధములు తప్పిపోవునని యాడుపిల్లల రోగమును దాచు తల్లిదండ్రులు మన యూళ్ళలో గలరు. క్రొత్త చికిత్స వచ్చువఱకు పిల్ల మూత్రపిండములు నిలువవలెనన్న నేడే వైద్యునికి చూపవలెను. ఈ మాట రేడియోలో నేను చెప్పినదానికన్న రచ్చబండమీద మీరు చెప్పిన నెక్కువ చెల్లును.