గోడ మీది బొమ్మ ఎవరిది?



పాఠశాల గోడకు రంగు వేయించడం ఒకటి. చిత్రకారుడొకరు పిల్లలతోను, ఆ వాడ ప్రజలతోను కలసి ఆ గోడపై కుడ్యచిత్రం నిర్మించడం మరొకటి. మొదటిదానికి టెండరు చాలును. రెండవదానికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఎవరి కథ గోడకెక్కవలెను? ఎవరి శ్రమకు ఏ విలువ కట్టవలెను? ఇవి కార్మిక సంఘాలకు చిరపరిచితమైన ప్రశ్నలే. కనుక మన కాలనీలలోని ప్రాథమిక పాఠశాలలలో ఇట్టి పని తలపెట్టదలచిన శాఖల కొరకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మొదటి మాట చిత్రవస్తువును గురించి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో టుజుంగా వాష్ అనే వరదకాలువ కలదు. దాని కాంక్రీటు గోడపై జూడీ బాకా అనే చిత్రకారిణి 1976 వేసవిలో 80 మంది యువతీ యువకులతో ఒక బృహత్తర చిత్రాన్ని ప్రారంభించారు. ఆ యువకులు న్యాయశాఖ ద్వారా వచ్చినవారు. సమాజం దారి తప్పినవారని ముద్ర వేసినవారు. వారికి తోడుగా చిత్రకారులే గాక చరిత్రకారులు కూడ పనిచేశారు. 1983 నాటికి 400 మందికి పైగా యువజనులు చేయి వేయగా ఆ చిత్రం 2,754 అడుగుల పొడవుకు చేరినది. పాఠ్యపుస్తకాలలో చోటు దొరకని ప్రజల చరిత్రయే దాని వస్తువు.

అందులో రైల్వే ఉద్యోగులు గమనించదగిన ఘట్టం ఒకటి ఉన్నది. అది చైనా శ్రామికులు రైలుమార్గం నిర్మించిన ఘట్టం. అమెరికా ఖండాంతర రైలుమార్గం 1869 మే 10న పూర్తి అయినది. పడమటి దిక్కున కొండలు తొలిచి పట్టాలు వేసినవారిలో అత్యధికులు చైనా శ్రామికులే. 1867 జూన్‌లో వారు తెల్లజాతి కార్మికులతో సమానమైన వేతనం, తక్కువ పనిగంటలు కోరుతూ సమ్మె చేశారు. కంపెనీ వారికి ఆహారం అందకుండ చేసి, సుమారు వారం రోజులలో సమ్మెను విచ్ఛిన్నం చేసినది. అమెరికా కార్మికశాఖ తన గౌరవమందిరంలో ఆ శ్రామికులకు స్థానం కల్పించినది 2014లో మాత్రమే. ఆ యువజనులు అంతకు మూడు దశాబ్దాలకు పూర్వమే కుంచె చేతబట్టి వారికి గోడపై స్థానం కల్పించారు.

మన పిల్లలకు కూడ అడగడానికి ఇంటిలోనే పెద్దలు ఉన్నారు. బొగ్గు ఇంజనుపై ఫైర్‌మన్‌గా పనిచేసిన తాతగారు, 2013 జూలైలో నిలిచిపోయిన తంతి సేవలో చుక్కా గీతా లెక్కించిన పెద్దనాన్న, 1974 మే నెల సమ్మెకాలంలో ఇల్లు నెట్టుకొచ్చిన నాయనమ్మ ఉండవచ్చు. పిల్లలు అడిగి తెలుసుకొన్నదే గోడకెక్కవలెను. బజారులో కొన్న అచ్చు నుండి దించిన పూలకుండీకి చిత్రకారుడూ అక్కరలేదు, పిల్లలూ అక్కరలేదు.

రెండవ మాట పిల్లల శ్రమను గురించి. లాస్ ఏంజెలెస్ యువజనులు పధ్నాలుగేండ్లు మొదలు ఇరువది ఒక్క ఏండ్లలోపువారు. వారికి వేతనం చెల్లించారు. అది న్యాయమే. ప్రాథమిక పాఠశాల పిల్లల విషయం వేరు. వారు కూలీలు కారు, కారాదు. మండుటెండలో గంటల తరబడి నిలబెట్టడం, పరంజా ఎక్కించడం ఎంతమాత్రం తగదు. ఊహ వారిది, గీత వారిది; బరువు పెద్దలది. పిల్లలు ముందుగా కాగితంపై బొమ్మలు గీస్తారు. ఏవి గోడకెక్కవలెనో తరగతిలో వారే చర్చించి నిర్ణయిస్తారు. చిత్రకారుడు వాటిని ఒక కూర్పులోనికి తెచ్చి, కాగితంపైన, గోడపైన గళ్ళు గీసి, గడికి గడిగా పెంచుతాడు. చేతికి అందినంత మేర పిల్లలు రంగు నింపుతారు. పైభాగం పెద్దలు పూర్తి చేస్తారు. ఒక బాలిక ఇంజనుకు ఏడు చక్రాలు గీసినచో ఏడింటినీ గోడకెక్కించవలెను. చిత్రకారుడు దానిని దిద్దిన క్షణాన ఆ బొమ్మ ఆమె చేయి జారిపోతుంది.

మూడవ మాట రంగులను గురించి. ఇందులో ఉపేక్ష పనికిరాదు. సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అయితే అది పారిశ్రామిక రంగులకు వర్తించదు. కనుక షెడ్డు స్టోర్సులో మిగిలిన ఎనామిల్ డబ్బాలు ఉచితముగా లభించినను పాఠశాలకు తేరాదు. నీటితో కలుపు ఎమల్షన్ రంగులే వాడవలెను. పాత రంగు గోకునప్పుడు లేచే ధూళిలో కూడ సీసం ఉండవచ్చును. ఆ పని పిల్లలు లేని రోజులలో ముగించి, నేలను తడిగుడ్డతో తుడువవలెను. చెమ్మ ఎక్కిన గోడపై రంగు పెచ్చులూడుతుంది. కావున వానలు వెనుకబడి గోడ ఆరిన పిదపనే పని ప్రారంభించుట మంచిది.

నాలుగవ మాట చిత్రకారుని వేతనం. 2017 అక్టోబరులో బీహారులోని మధుబని రైల్వే స్టేషను గోడలను స్థానిక చిత్రకారులు, వారిలో అనేకులు స్త్రీలు, తమ సంప్రదాయ చిత్రాలతో నింపారు. ఆ పని శ్రమదానంగా జరిగినది. 2018లో స్టేషన్ల సుందరీకరణ పోటీలో ఆ స్టేషనుకు ద్వితీయ బహుమతి లభించినది. ఆ కళాకారుల ఔదార్యానికి మన జోహార్లు. కాని ఓవర్‌టైము భత్యం కొరకు పోరాడే మనము, కుంచె పట్టినవానిని మాత్రం ఉచితంగా పనిచేయమని కోరడం ధర్మం కాదు. శాఖ చందా వసూలు చేసినా సరే, పని ప్రారంభానికి ముందే ప్రతిఫలం వ్రాతపూర్వకంగా నిర్ణయించవలెను.

చిత్రం పూర్తి అయిన పిమ్మట గోడ మూలను పేర్లు వ్రాస్తారు. అక్కడ ప్రారంభోత్సవం చేసిన అధికారి పేరుకన్న ముందు గీసిన పిల్లలందరి పేర్లు ఉండవలెను. టుజుంగా వాష్ చిత్రాన్ని సైతం 2011లో పునరుద్ధరించవలసి వచ్చినది. ఎండకు, వానకు వెలవని రంగు లేదు. మన గోడ బొమ్మ వెలిసిననాడు తిరిగి రంగు అద్దే బాధ్యతను కూడ శాఖయే ఈనాడే తీర్మానంలో చేర్చుకొనవలెనని కోరుచున్నాము.