ఫీజుతో పాటు ఒక అరగంట కూడా ఇద్దాం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





నేను కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసినవాణ్ణి. ఆటల గురించి తప్ప వేరే మాట్లాడటం నాకు చేతకాదు. ఈ రోజు కూడా వాటి గురించే నాలుగు మాటలు చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా దగ్గర ఒక అబ్బాయి వాలీబాల్ ఆడేవాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నట్టుండి గ్రౌండుకు రావడం మానేశాడు. ముఖం పీక్కుపోయింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని తోటి పిల్లలు చెప్పారు. పిలిచి అడిగితే తల వంచుకుని, "సార్, ఎవరో పెద్దాయన నా ఫీజు కడుతున్నాడు. నేను ఆడుకుంటూ కనబడితే ఆయన ఏమనుకుంటాడు?" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ దాతకు ఈ సంగతి తెలిస్తే ఎంత బాధపడేవాడో! ఆయన ప్రేమతో ఇచ్చిన సాయమే పిల్లవాడి నెత్తిన బరువై కూర్చుంది.

ఈ బరువు చిన్నదని అనుకోకండి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మీకు గుర్తుంది. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క చెబుతోంది.

ఆట ఒక్కటే దీనికి మందు అని నేను అనను. కానీ చేతికి అందే మొదటి సాయం అదే. వేగంగా నడిచినా, పరిగెత్తినా శరీరంలో ఎండార్ఫిన్లు పెరిగి మనసు తేలికపడుతుంది. రాత్రి నిద్ర బాగా పడుతుంది. నిద్ర పట్టినవాడికే చదివింది గుర్తుంటుంది. 17 ఏళ్ల వరకు రోజుకు 60 నిమిషాలు, ఆపై వయసువారికి వారానికి కనీసం 150 నిమిషాలు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కసారిగా అంత కుదరకపోతే అసర్ నమాజు అయ్యాక మగ్రిబ్ లోపు అరగంట నడకతో మొదలుపెట్టవచ్చు.

ఆడపిల్లల మాట ప్రత్యేకంగా చెప్పాలి. మగపిల్లవాడు వీధిలోనైనా క్రికెట్ ఆడతాడు. అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికి, ఇంటి నుంచి వంటింటికి. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. ఆమెను మొదట మైదానానికి తీసుకుపోయింది ఆమె తండ్రే. మన అమ్మాయిలంతా బాక్సర్లు కానక్కర్లేదు. మిద్దె మీద తాడాట ఆడుకోనిస్తే చాలు, అక్కాచెల్లెళ్లు కలిసి నడవడానికి పోనిస్తే చాలు.

దాతలకు నా విన్నపాలు మూడు. స్కాలర్‌షిప్ ఇచ్చేటప్పుడు పుస్తకాలతో పాటు ఒక జత బూట్లో, ఒక బంతో ఇవ్వండి. అమ్మాయిలు నిశ్చింతగా ఆడుకునే చోటు, వారికి తోడుగా ఒక టీచరమ్మ ఉండేలా చూడండి. మూడోదానికి పైసా ఖర్చు లేదు. చెక్కు చేతికిచ్చేటప్పుడు "ఎన్ని మార్కులొచ్చాయి?" అని మాత్రమే అడగకండి. "ఏం ఆట ఆడతావు బేటా?" అని కూడా అడగండి. ఆడుకోవడం తప్పు కాదని దాత నోటి నుంచే వినాలి ఆ పిల్లలు.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేక, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్న పిల్లలను మాత్రం ఆటకు తోలి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్ నడిచిన ప్రాంతం మనది. చదువు కోసం కోటల తలుపులే తెరిచిన చోట, ఆట కోసం రోజుకు ఒక అరగంట తెరవలేమా?

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. నా మాట మీద రోజూ అరగంట గ్రౌండుకు రావడం మొదలుపెట్టాడు. ర్యాంకేమీ రాలేదు, మంచి మార్కులతో పాసయ్యాడు. పరీక్షల ముందు ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చి, "సార్, రాత్రి నిద్ర పట్టింది" అన్నాడు. నా ఉద్యోగంలో నేను గెలిచిన కప్పు అదే.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం, మనశ్శాంతి ప్రసాదించుగాక. ఆమీన్.