చీనా సూదివైద్యము – ప్రాచీన గ్రంథాధ్యయనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన పల్లెలలో సూది యన్నచో మందు నింపిన సూదియే. వైద్యుడు సూది వేసెననగా మందెక్కించెనని యర్థము. చీనాదేశమున రెండువేల యేండ్లుగా వాడుకలోనున్న సూదివైద్యములో సూది బోలుగా నుండదు. అందు మందును ఉండదు. వెండ్రుకవలె సన్ననగు లోహపు తీగను శరీరమునందలి నియత స్థానములలో గ్రుచ్చి, కొంతసేపుంచి తీయుదురు. దీనినే నేడు ఆక్యుపంక్చరు అనుచున్నారు. ఆ స్థానముల జాబితాను కొన్ని మాసములలో కంఠస్థము చేసినవాడును గ్రుచ్చును. పదునైదేండ్లు ప్రాచీన గ్రంథములను శోధించినవాడును గ్రుచ్చును. సూది యొకటే, స్థానమొకటే. మరి ఇరువురి వైద్యములో భేదముండునా? పుస్తకము చదువుట చేతిపనిని మార్చునా? గ్రంథాలయోత్సవమున విచారింపదగిన ప్రశ్నయే యిది.

ఈ విద్యకు మూలగ్రంథము ‘హువాంగ్ డీ నెయ్ జింగ్’. పీతచక్రవర్తి యను పురాణపురుషుడు ప్రశ్నింపగా చీ బో యను వైద్యుడు సమాధానము చెప్పుటగా నందు చాలభాగము నడచును. మన భారతమున జనమేజయు డడుగ వైశంపాయనుడు చెప్పిన తీరే. చక్రవర్తి పేరున్నంత మాత్రమున నది యాతని రచన కాదు. క్రీస్తు శకమునకు కొంచెము ముందుగా అనేకుల చేతులలో పెరిగిన కూర్పు. సు వెన్, లింగ్ షూ అని రెండు భాగములు. ఒక్కొక్కదాని యందు 81 అధ్యాయములు.

సు వెన్ భాగమును క్రీ.శ. 762లో వాంగ్ బింగ్ అను వైద్యుడు పరిష్కరించి, అధ్యాయముల క్రమము మార్చి, వ్యాఖ్య చేర్చెను. తాను క్రొత్తగా చేర్చిన మాటలను ఎఱ్ఱసిరాతో వ్రాసితినని పీఠికలో చెప్పుకొనెను. ఎంతటి నిజాయితీ! కాని తరువాతి లేఖకులు ఎఱుపును నలుపును ఒకే సిరాతో ఎత్తివ్రాసిరి. ఏది మూలమో, ఏది చేర్పో నేడు తేల్చుట దుర్ఘటము. లెక్కల పుస్తకములో దిద్దుబాటు గుర్తు చెఱపివేసిన గుమాస్తా చేసిన కీడు ఎంతకాలము నిలుచునో చూడుడు. మెదకుసీమ వాడైన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్య లేనిదే మన విద్యార్థి కాళిదాసు కావ్యములలో అడుగు పెట్టజాలనట్లే, చీనా విద్యార్థియు వ్యాఖ్యాతల చేయి పట్టుకొనియే నడవవలెను. ఏ వాక్యమును ఎంతవరకు నమ్మవలెనో తెలియుట ఈ పైచదువులో తొలిపాఠము.

ఇక రోగి యొద్దకు వత్తము. తలనొప్పి యని యొకడు వచ్చెననుకొందము. జాబితా నేర్చినవానికి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న ‘హ గూ’ అను స్థానము తలనొప్పికి మంచిదని తెలియును. వెంటనే గ్రుచ్చును. గ్రంథము చదివినవాడు మొదట ‘ఎచ్చట నొప్పి?’ అని యడుగును. లింగ్ షూలో శరీరమందలి పన్నెండు మార్గములు వర్ణింపబడినవి. నుదుట నొప్పియైనచో జీర్ణాశయ మార్గమును, కణతలయందైనచో పిత్తకోశ మార్గమును, మెడవెనుక నైనచో మూత్రాశయ మార్గమును, నడినెత్తి నైనచో కాలేయ మార్గమును అతడు తలచును. పిమ్మట నిద్ర, ఆకలి, విరేచనము, చెమట, చలి, దాహము అడుగును. నాలుక చూచును. రోగి స్త్రీ యైనచో గర్భవతియా యని తప్పక తెలిసికొనును. ఏలయన గర్భిణులకు హ గూ స్థానమును గ్రుచ్చరాదని సంప్రదాయము. సూది చేతబట్టుటకు ముందే అరగంట గడచిపోవును. పైచదువువలన సూదులసంఖ్య పెరుగునని కొందరనుకొందురు. సాధారణముగా తగ్గును.

నాడిపరీక్ష సంగతియు నిట్టిదే. మన వైద్యులు మూడు వ్రేళ్లతో వాత పిత్త కఫములను పరీక్షింతురు. చీనావారు రెండు మణికట్టులయందును మూడేసి వ్రేళ్ళుంచి, ఒక్కొక్క వ్రేలిక్రింద ఒక్కొక్క యంగముయొక్క స్థితిని, పైపైన నొక్కియు లోతుగా నొక్కియు గ్రహింప యత్నింతురు. శరీరమంతటను నాడులుండగా మణికట్టునే ఏల పట్టవలెను? 81 ప్రశ్నోత్తరములుగల ‘నాన్ జింగ్’ అను ప్రాచీన గ్రంథమునకు ఇదియే మొదటి ప్రశ్న. చదువనివాడు గురువు పట్టుమనినచోట పట్టును. చదివినవానికి ఈ ప్రశ్న పుట్టును.

రైతులు సులభముగా గ్రహింపగల విషయ మొకటి యిందున్నది. ఈ గ్రంథములు శరీరమును నీటిపారుదలగా చూచినవి. లింగ్ షూ పన్నెండు మార్గములను చీనాదేశపు నీటిప్రవాహములతో జతపరచినది. వ్రేలికొన నుండి మోచేతివరకు, కాలివ్రేలినుండి మోకాలివరకు ప్రతి మార్గమునందును ఐదు ముఖ్యస్థానములకు వరుసగా బావి, ఊట, వాగు, ఏఱు, సంగమము అను నర్థముగల పేర్లు పెట్టిరి. ఊపిరితిత్తుల మార్గమున బావి బొటనవ్రేలి గోరుప్రక్కను, వాగు మణికట్టునను, సంగమము మోచేతిమడతనున్నవి. ఇందు ప్రవహించునది ‘చీ’. దానిని ప్రాణమన్నను, ఊపిరియన్నను, శక్తియన్నను ఏ తెలుగుమాటయు పూర్తిగా సరిపడదు; ఆ మాటనట్లే యుంచుట మేలు.

ఈ స్థానములకు మరల పంచభూతములవంటి ఐదు తత్త్వములను అంటగట్టిరి: కట్టె, నిప్పు, మన్ను, లోహము, నీరు. మంటినుండి లోహము పుట్టును గనుక మన్ను తల్లి, లోహము బిడ్డ. నాన్ జింగ్ 69వ ప్రశ్నలో ఒక సూత్రము కలదు. అంగము దుర్బలమైనచో దాని తల్లికి బలమిమ్మనియు, అతిగా ఉద్రేకించినచో దాని బిడ్డనుండి తగ్గింపుమనియు దాని భావము. ఊపిరితిత్తులు లోహతత్త్వము. అవి దుర్బలమైనప్పుడు ఆ మార్గమున మంటి స్థానమైన మణికట్టు వాగును, ఉద్రేకించినప్పుడు నీటి స్థానమైన మోచేతి సంగమమును గ్రుచ్చుదురు. ఒకే దగ్గు, రెండు వేర్వేరు స్థానములు. గ్రామపటములో కాలువ గీతగా మాత్రమే కనిపించును. ఏ తూము మూసిన ఏ మడి తడియునో నీరుగంటి నడుగవలెను. జాబితాకును గ్రంథమునకును గల భేద మట్టిది. అయితే ఈ పంచతత్త్వముల లెక్క శరీరశాస్త్రము వలన నిరూపితమైనది కాదని గుర్తుంచుకొనవలెను. అది యోచనకు కట్టుకొనిన చట్రము.

గ్రంథమొక్కటియే చాలునని చీనావారు ఎన్నడును అనుకొనలేదు. క్రీ.శ. 1027లో సుంగ్ వంశపు చక్రవర్తి యానతిపై వాంగ్ వెయ్‌యీ అను వైద్యుడు నిలువెత్తు కంచుబొమ్మలను రెండింటిని పోతపోయించెను. ఒంటినిండ సూదిస్థానములకు రంధ్రములు. పరీక్షనాడు బొమ్మపై మైనము పూసి, లోపల నీరు నింపెడివారట. విద్యార్థి సరియైన చోట గ్రుచ్చినచో నీరు చిమ్మును. తప్పినచో సూది దిగదు. ఇంత నిష్పక్షపాతియగు పరీక్షాధికారి మరియొకడు దొరకడు.

బొమ్మ చెప్పజాలనిది గురువు చేతిలో నున్నది. సూది దిగిన పిమ్మట రోగికి బరువుగనో తిమ్మిరిగనో తోచును. వైద్యుని వ్రేళ్ళకు సూది నెవరో పట్టుకొన్నట్లు తెలియును. గాలమునకు చేప తగులుటతో పూర్వులు దీనిని పోల్చిరి. ఇది చదివి తెలిసికొన వీలుకానిది. 1822లో చక్రవర్తి ఆస్థాన వైద్యశాలనుండి సూదివైద్యమును తొలగించెను. 1929లో దేశీయవైద్యమునే రద్దుచేయుటకు ప్రయత్నము జరిగి, వైద్యుల ప్రతిఘటనచే ఆగినది. 1956లో బీజింగు, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరములలో దేశీయవైద్య కళాశాలలు వెలసినవి. కాని తరగతిగదిలో గురుశిష్య సంబంధము పలుచబడెను. అందుచే 1990లో 500 మంది వృద్ధవైద్యుల నెన్నిక చేసి వారికి శిష్యుల నప్పగించిరి. ఈ శతాబ్ది ఆరంభమునుండి, అనుభవజ్ఞులైన వైద్యులకే మరల పైశిక్షణ యేర్పరచి మూడు విధులు పెట్టిరి: ప్రాచీన గ్రంథములు చదువుట, రోగులను చూచుట, గురువు ననుసరించుట. మన దేశమునకు ఈ విద్య వచ్చుటయు నొక వైద్యుని శిష్యరికము వలననే. 1938లో చీనాకు వెళ్ళిన భారత వైద్య బృందములో కోట్నీసుతో కూడ నుండిన బిజయ్ కుమార్ బసు, తరువాత మరల నచ్చటికి పోయి సూదివైద్యము నభ్యసించి కలకత్తాలో ప్రవేశపెట్టెను.

ఇంతవరకు గ్రంథపక్షము. ఎదుటిపక్షమును దాచుట న్యాయముగాదు.

1973లో చాంగ్‌షా నగరసమీపమున మా వాంగ్ డుయ్ అనుచోట క్రీ.పూ. 168 నాటి సమాధిలో పట్టువస్త్రములపై వ్రాసిన వైద్యగ్రంథములు దొరకినవి. వానిలో మార్గములు పన్నెండు కావు, పదునొకండే. సూదిస్థానముల ప్రస్తావనయే లేదు. ‘సనాతనము, మార్పులేనిది’ అని చెప్పుకొనువారికి ఇది చేదుమాత్ర. లింగ్ షూలోనే తొమ్మిది రకముల సూదులు వర్ణింపబడినవి. వానిలో కొన్ని గడ్డలు కోయు కత్తులు. నేటి వైద్యుని చేతిలో సాధారణముగా మిగిలినది సన్ననిసూది యొక్కటే. మూలములు చదివినవాడు పూర్వుల పేరుచెప్పి గొప్పలు పలుకుటకు జంకును.

అంతకంటె గట్టి పరీక్ష 2007లో ప్రకటింపబడినది. జర్మనీదేశమున దీర్ఘకాలపు నడుమునొప్పిగల 1162 మందిని మూడు తెగలుగా విభజించిరి. మొదటి తెగకు శాస్త్రోక్త స్థానములలోను, రెండవ తెగకు స్థానములుకాని చోట్ల పైపైనను సూదులు గ్రుచ్చిరి. మూడవ తెగకు మందులు, వ్యాయామము మున్నగు సాధారణ చికిత్స చేసిరి. ఆరునెలలకు మేలు పొందినవారు మొదటితెగలో నూటికి 47.6, రెండవతెగలో 44.2, మూడవతెగలో 27.4. సూది వేయించుకొన్నవారికి మేలు కలిగినమాట నిజము. కాని స్థానము సరియైనను కాకున్నను ఫలితమందు భేదము స్వల్పము. కంచుబొమ్మ పరీక్షించినదేదో అదియే ఇచ్చట తేలిపోయినది! గ్రంథాభిమానులు ఈ లెక్కను ఒప్పుకొనవలసినదే. పైచదువువలన స్థానము మరింత సూక్ష్మముగా దొరకుట కంటె, ముందు అడిగిన ప్రశ్నలు, పట్టిన నాడి, సూది ఆపుకొన్న నిగ్రహము రోగికి ఎక్కువ పనికివచ్చునని తోచుచున్నది.

ఆ నిగ్రహమునకు సు వెన్‌లో ఒక అధ్యాయమే కలదు; 52వది, గ్రుచ్చరాని చోట్లను గూర్చినది. గుండెకు తగిలినచో ఒకదినములో, ఊపిరితిత్తికి తగిలినచో మూడుదినములలో, కాలేయమునకు తగిలినచో ఐదుదినములలో మరణమని నిర్మొగమాటముగా లెక్క కట్టినది. దినముల లెక్క నట్లుంచి, భయము మాత్రము సత్యము. నేటికిని సూదివైద్యమున కలుగు తీవ్రప్రమాదములలో ముఖ్యమైనది ఊపిరితిత్తికి రంధ్రము పడి గాలి ఛాతిలో చేరుట. క్రిములసంగతి మాత్రము ఆ గ్రంథములకు తెలియదు; ఒక్కసారి వాడి పారవేయు శుద్ధమైన సూది ఆధునికుల నుండి నేర్చుకొన్నదే. కడుపుశూలతో వచ్చినవానికి పేగు పుండై పగులుచున్నదేమోయని అనుమానించి ఆస్పత్రికి పంపుటయు అట్టిదే. మెడకును భుజమునకును నడుమ ‘భుజపు బావి’ యను స్థానము కలదు. దానిక్రింద కొద్దిలోతుననే ఊపిరితిత్తి శిఖరమున్నది. ఆ అధ్యాయము చదివినవాడు అచ్చట సూదిని నిలువున దింపడు. కండను వ్రేళ్ళతో ఎత్తిపట్టి, అంగుళములో స్వల్పభాగము మాత్రమే ఏటవాలుగా పోనిచ్చును. రోగి బక్కపలుచనివాడైనచో ఆ స్థానమునే విడిచి, చేతిమీద మరియొకదానిని వెదకుకొనును.