రాని శత్రువునకు కావలి

1940వ సంవత్సరము మే నెల 14వ తేదీ రాత్రి బి.బి.సి. రేడియోలో బ్రిటిషు యుద్ధశాఖామంత్రి ఆంథొనీ ఈడెన్ ప్రసంగించెను. జర్మను సైన్యములు హాలెండు, బెల్జియములపై పడి నాలుగు దినములైనది. హాలెండులో శత్రుసైనికులు విమానములనుండి పారాచూట్లతో దిగిన వార్త ఇంగ్లండు పల్లెలను కలవరపెట్టుచుండెను. పదునేడేండ్లు మొదలు అరువదియైదేండ్లవరకు వయస్సు గల పురుషులు దగ్గరి పోలీసుస్టేషనులో పేరు వ్రాయించుకొనవలెనని మంత్రి కోరెను. జీతము లేదు, దుస్తులును ఆయుధములును ఇత్తుమనెను.

వారము తిరుగునప్పటికి రెండున్నర లక్షలమంది పేర్లు ఇచ్చిరి. జూలై చివరకు ఆ సంఖ్య ఇంచుమించు పదునైదు లక్షలకు చేరెను. రేడియోలో పనిచేయు మాకు ఈ కథపై మక్కువ కలుగుట సహజమే. అయితే నేడు మేము చెప్పదలచినది రేడియో మహిమను గూర్చి గాక, ఆ పిలుపు విని లేచిన పల్లెవారిని గూర్చియు, వారి జ్ఞాపకములను గూర్చియు.

ఆరంభములో ఈ దళమునకు స్థానిక రక్షణ స్వచ్ఛంద సేవకులని పేరు. ఇంగ్లీషులో పొడి అక్షరములు ఎల్.డి.వి. గడుసువారు ఆ మూడక్షరములకు ‘చూడు, దాగు, మాయమగు’ అను అర్థము కల్పించి నవ్వుకొనిరి. జూలైలో ప్రధానమంత్రి చర్చిల్ పట్టుపట్టి హోంగార్డు అని పేరు మార్పించెను. మన దేశమున 1946 డిసెంబరులో బొంబాయిలో ఏర్పడి, నేడు మన ఊళ్లలో పోలీసువారికి తోడుగా కనబడు దళమునకును ఈ పేరే నిలిచినది.

నవ్వుటకు కారణములు లేకపోలేదు. డన్‌కర్కు తీరమున బ్రిటిషు సైన్యము తన ఫిరంగులను, బండ్లను విడిచి వచ్చినది. సైన్యమునకే చాలని తుపాకులు పల్లెలకు ఎక్కడనుండి వచ్చును? రైతు వేటతుపాకి, తాతలనాటి కత్తి, చీపురుకఱ్ఱ, ఏది దొరికిన దానితోనే కవాతు చేసిరి. సీసాలలో పెట్రోలు నింపి, టాంకులపై విసరుటకు సిద్ధపఱచుకొనిరి. అమెరికా, కెనడాలనుండి పాత రైఫిళ్లు వచ్చిన పిమ్మట స్థితి మెఱుగుపడెను. అయినను 1941లో ప్రభుత్వము ఇనుపగొట్టములకు బాయొనెట్లు అతికించి ఈటెలుగా చేయించగా, అందులో అనేకము గోదాములు దాటి రానేలేదు. తుపాకియుగములో ఈటె పట్టుమనుట తమకు అవమానమని దళమువారు భావించిరి.

వారు చేసిన పని మాత్రము నవ్వులాట కాదు. పొలములో పగలెల్ల పనిచేసినవాడు, ఉత్తరములు పంచి వచ్చిన పోస్టుమాను, బడిపంతులు, మొదటి ప్రపంచయుద్ధములో పోరాడి వచ్చిన ముదుసలి, వీరందఱు వంతులవారీగా రాత్రులు మేల్కొని కావలి కాచిరి. చర్చిగోపురము, కొండశిఖరము, రైలువంతెన, టెలిఫోను కార్యాలయము వారి కావలి స్థలములు. పారాచూట్లవారు సంధ్యవేళలందే దిగుదురని తలచి, ప్రొద్దు క్రుంకునప్పుడును తెల్లవారునప్పుడును ఆకాశమువంక కన్నార్పక చూచుట వారి నియమము. మఱునాడు యథాప్రకారము పనికి పోవలెను. 1942 నుండి స్వచ్ఛందము కొంత సడలి, అవసరమైనచోట్ల మనుష్యులను నిర్బంధముగా చేర్చుకొనిరి. అట్టివారు నెలకు నలువదియెనిమిది గంటలవరకు సేవ చేయవలసియుండెను.

ఆ కాలమున వారి చెవులు కోరనిది గంటలమ్రోత. 1940 జూను మొదలు చర్చిగంటలను ప్రార్థనకై మ్రోగించుట నిషిద్ధము. శత్రువు దిగినప్పుడే అవి మ్రోగవలెను. సెప్టెంబరు 7వ తేదీ రాత్రి ‘క్రామ్‌వెల్’ అను సంకేతపదము సైన్యములకు అందగా, దాని అర్థము సరిగా తెలియక కొన్ని ఊళ్లలో గంటలు మ్రోగించిరి. పురుషులు తుపాకులు పట్టి వీధులలోనికి వచ్చిరి. తెల్లవారినది, శత్రువు రాలేదు. 1942 నవంబరులో ఎల్ అలమైను విజయమునకు గుర్తుగా ఆ గంటలు మరల సంతోషముతో మ్రోగెను.

శత్రువు రాలేదు కావుననే ఆ పల్లెల జ్ఞాపకములలో భయము అడుగునకు పోయి, హాస్యము పైకి తేలినది. 1968 మొదలు 1977 వరకు బి.బి.సి. టెలివిజనులో ప్రదర్శింపబడిన ‘డాడ్స్ ఆర్మీ’ అను హాస్యనాటకము ఈ దళమునకు శాశ్వతముగా ముసలివారి రూపము తొడిగినది. దాని రచయితలలో ఒకడైన జిమ్మీ పెర్రీ బాల్యము దాటని వయస్సులో తానే హోంగార్డులో ఉండినవాడు. నిజమునకు అందులో నవయువకులును, గనులలో, కర్మాగారములలో పనిచేయుటచే సైన్యములో చేరనివారును ఎందఱో కలరు.

మఱి, ఆ దళములో విధినిర్వహణమున మరణించినవారును, గాయములచే పిదప మరణించినవారును కలిసి 1,206 మంది. దండెత్తి వచ్చిన శత్రుసైన్యము లేదు. అయినను బాంబులవలనను, శిక్షణలో కలిగిన ప్రమాదములవలనను ఇందఱు పోయిరి. ఆనాడు గోపురమెక్కి నిలిచినవానికి శత్రువు రాడని తెలియదు. ఈ ఒక్కమాట మఱచినచో వారి కథ మనకు అర్థము కాదు.

1944 డిసెంబరు 3వ తేదీన దళమునకు విరామము ప్రకటించిరి. ఆ రాత్రి ఆఱవ జార్జి రాజు రేడియోలో వారికి కృతజ్ఞత చెప్పెను. రేడియోలో పుట్టిన దళము రేడియోలోనే సెలవు తీసికొనినది. 2003 నుండి 2006 వరకు బి.బి.సి. సామాన్యజనుల యుద్ధస్మృతులను సేకరింపగా నలువదియేడువేల కథలు చేరెను. చక్రవర్తులమాట అటుంచి, చీకటిలో ఎవరింటి దీపము కనబడి ఎవరు కోప్పడిరో కూడ అట్టి కథలవలననే మనకు తెలియును.

ఇట్టి కథలు మన తీరమునను కలవు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు వేసెను. జనులు మూటలు కట్టుకొని లోపలి గ్రామములకు తరలిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొంతకాలము గుంటూరుకు పోయెను. మన పట్టణములలో ఏ.ఆర్.పి. అను వైమానికదాడి రక్షణదళమువారు దీపములు ఆర్పించుచు, ఇసుకబకెట్లు, ఈలలు పట్టి వీధులు తిరిగిరి. వారును మన పొరుగువారే. పగలు గుమాస్తాలు, వర్తకులు, విద్యార్థులు. వారి పేర్లు చరిత్రగ్రంథములకు ఎక్కుట అరుదు.

ఆనాడు పదునెనిమిదేండ్లవారు నేడు నూఱేండ్లు దాటినవారు. ఆ తరము దాదాపు వెడలిపోయినది. వారినోట విన్న కొడుకులు, కూతుళ్లు మాత్రము మన ఇండ్లలో ఉన్నారు. వారును వృద్ధులే. మీ ఇంట అమ్మమ్మనో తాతయ్యనో ఈ సాయంకాలమే అడుగుడు: మనవారు ఆ ఏప్రిల్‌లో ఏ ఊరికి పోయిరి? ఎవరు ఇంటికి కాపలా ఉండిరి? దీపమునకు ఏమి కప్పిరి? చెప్పినదానిని ఊరు, సంవత్సరము, మనుష్యుల పేర్లతో ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. నవ్వు వచ్చు సంగతులను విడువకుడు. భయపడిన సంగతులను అసలే విడువకుడు. కావలి కాచినవారి ఋణము తీర్చుటకు మనకు మిగిలిన మార్గము ఇదియే.