గేట్లు ఎన్ని ఎత్తాలి?

 

క్లౌడ్‌లో నా పనేమిటని ఆళ్లగడ్డ వచ్చినప్పుడల్లా అడుగుతారు. మన జిల్లాలోని శ్రీశైలం డ్యాంకు 12 గేట్లు. వరదను బట్టి ఎన్ని ఎత్తాలో ఇంజనీర్లు నిర్ణయిస్తారు. నాదీ అలాంటి కాపలాయే.

ఇంటర్ ఫలితాలు రాగానే నంద్యాలలో, ఆళ్లగడ్డలో, రాష్ట్రమంతటా పిల్లలు ఒక్కసారే ఫోన్లు తెరుస్తారు. అంతమందికి జవాబివ్వాలంటే ఒకే ప్రోగ్రాం నకళ్లు చాలా నడవాలి. వాటినే ఇన్‌స్టెన్సులంటాం. రద్దీని చూసి క్లౌడ్ తనంతట తానే పెంచగలదు గానీ, కొత్తవి సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. అందుకే వేళ తెలిసిన రద్దీకి సంఖ్యను ముందే మనం పెడతాం.

ఇప్పుడు "ఈ సర్వీసును 40కి పెంచు" అని ఏఐ ఏజెంటుకు మామూలు మాటల్లో చెబితే చాలు, పెంచేస్తుంది. కానీ అలా పెట్టిన సంఖ్య మళ్లీ మార్చేదాకా అంతే. జనం వెళ్లిపోయినా 40 నడుస్తాయి, బిల్లూ నడుస్తుంది. వరద తగ్గాక గేట్లు దించకపోతే ఎండాకాలానికి నీళ్లుండవు కదా!

ఈ రంగంలోకి వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఏజెంటు "చేయమంటారా?" అన్నప్పుడు సర్వీసు పేరు, సంఖ్య చదివాకే సరే అనండి. ఎందుకు పెంచారో, ఎప్పుడు తగ్గించాలో మీ పేరుతో రాసిపెట్టండి. సోపానాలు లేని జవాబుకు మన లెక్కల మాస్టార్లు మార్కులు వేయలేదు. ఏజెంటు జవాబుకూ అదే నియమం.