బుచ్చిరెడ్డిపాళెం నుంచి ముఖ్యమంత్రి పీఠం దాకా

నెల్లూరు పక్కన బుచ్చిరెడ్డిపాళెంలో 1907లో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి గారు శాంతినికేతన్‌లో చదువుకున్నారు. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ఆయనకు సుమారు ముప్పై ఏళ్లే.

1955 మార్చిలో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలులో గుడారాలు వేసుకుని కచేరీలు మొదలుపెట్టిన కొత్త రాష్ట్రం అది. ఉపముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. 1956 నవంబరు 1న తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు, నిన్నటిదాకా ముఖ్యమంత్రిగా ఉన్న గోపాలరెడ్డి గారు ఆయన కింద మంత్రిగా పనిచేశారు. ఎంత పెద్ద మనసు కావాలండీ అందుకు!

1962లో నెహ్రూ ప్రభుత్వంలో సమాచార, ప్రసార శాఖ చూశారు. అంటే ఆకాశవాణి బాధ్యత కూడా ఆయనదే. తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరు. ఇన్ని పదవుల మధ్యా ఠాగూరు రచనలను తెలుగు చేశారు.