చేపల చెరువు చెప్పే రసాయనం

వట్లూరు నుంచి కొల్లేరు వైపు వెళ్తే ఎటు చూసినా చేపల చెరువులే. భౌతిక రసాయన శాస్త్రం మొదలుపెట్టిన డిగ్రీ విద్యార్థికి అంతకంటే మంచి ప్రయోగశాల లేదంటాను.

వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు తీసుకుంటుంది. 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. రాత్రంతా నాచు, చేపలు, అడుగు బురద ఆ కాస్తా వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతాయి.

చెరువు నీటిని చిలికే ఏరేటర్, నీటిలో ఎంత ఆక్సిజన్ కరగగలదన్న పరిమితిని మార్చదు. గాలీ నీరూ కలిసే ఉపరితలాన్ని పెంచి, ఆక్సిజన్ కరిగే వేగాన్ని పెంచుతుంది. ఎంతవరకు అన్నది ఉష్ణగతిక శాస్త్రం, ఎంత త్వరగా అన్నది గతిశాస్త్రం. ఈ తేడా పట్టుబడకుండా సమీకరణాలు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుందేమో గానీ సబ్జెక్టు రాదు.

విద్యార్థులారా, ఒక చెరువు రైతును అడిగి, మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నీటిలో ఆక్సిజన్ కొలిచి చూడండి.